మింగడం అనాగరికం!

తాగుడు మాన్పించే మందు కనిపెట్టాను. దాని పేరు టేస్టింగ్!

నవ్వకండి. మీ ఇంట్లో తాగేవాళ్లుంటే గొంతు చించుకుని లాభం లేదు. ఒక్కసారి మా బావగారి క్లినిక్‌కి పంపండి. చేతికి గ్లాసిస్తారు, గ్లాసులో రమ్ము పోస్తారు, తాగనివ్వరు. ఇంతకంటే గొప్ప సంఘసంస్కరణ ఎక్కడైనా ఉందా?

బావగారంటే మా ఆవిడకు అన్నగారు, పళ్ల డాక్టరు. మా అమ్మాయి బడిలో చేరిన రోజున ఆయన కరీబియన్ దీవుల రమ్ము సీసా ఒకటి కొని బీరువాలో దాచారు. పీపాలో ఇరవై మూడేళ్లు మాగిన సరుకట! చుక్క నీళ్లు కలపకుండా, పీపాలో ఉన్న ఘాటు ఉన్నట్టే సీసాకెక్కించారట. "నా మేనకోడలు ఉద్యోగంలో చేరిన రోజున మనిద్దరం కూర్చుని తాగుదాం బావగారూ" అన్నారు. మొన్న సోమవారం అమ్మాయి ఉద్యోగంలో చేరింది. నేను ఎగురుకుంటూ వెళ్లాను.

ఈలోగా బావగారు టేస్టింగ్ నేర్చుకున్నారు!

క్లినిక్‌లోనే ఎందుకంటారా? రుచి చూసి ఉమ్మేయాలి కదండీ, అక్కడైతే కుర్చీ పక్కనే తొట్టి ఉంటుంది. నన్ను పేషెంటు కుర్చీలో వెనక్కి వాల్చారు. చెరోపక్కా కళ్లజోళ్ల షాపాయన, ఆడిటరుగారు. వీళ్లు బావగారి టేస్టింగ్ మిత్రులు.

"తొందరపడకండి. ముందు వాసన చూసి ఏం తెలుస్తోందో చెప్పండి" అన్నారు బావగారు.

"మిగలపండిన అరటిపండు" అన్నారు ఆడిటరుగారు. "తోలుసంచి. పాతది. వానకి తడిసింది" అన్నాడు కళ్లజోళ్లాయన. తడిసిన తోలుసంచి కోసం ఇన్నేళ్లు ఆగాలా అని అడక్కండి, పామరులంటారు.

నాకు లవంగం వాసన వచ్చింది. అదే చెప్పాను. ముగ్గురూ చప్పట్లు! ఆ వాసన నా తల పక్కనున్న పంటినొప్పి మందు సీసాలోంచి వస్తోంది. చెప్పి వాళ్ల సంతోషం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

తర్వాత వాసన విచ్చుకోవడానికట, గ్లాసులోకి డ్రాపర్‌తో ఒక నీటిబొట్టు. మళ్లీ వాసన. ఇంకో బొట్టు. మళ్లీ వాసన. ఎంత నిగ్రహం, ఎంత క్రమశిక్షణ! ఈ పద్ధతి ఆఫీసు మీటింగులకు పెట్టి చూడండి. మేనేజరు మాటల్ని వాసన చూసి, నాలుక మీద ఆడించి, మర్యాదగా తొట్టిలో ఉమ్మేయొచ్చు. లివరు పదిలం, బుర్ర పదిలం.

ఇంతలో ట్రేలో బావగారి ఫోను మోగింది. మా అమ్మాయే! మొదటి రోజు కబుర్లు మావయ్యకి చెప్పుకుందామని చేసి ఉంటుంది. "ఇప్పుడు కాదు తల్లీ, ముక్కు ఏకాగ్రత చెదిరిపోతుంది" అని పెట్టేశారు. అమ్మాయిది ఏ ఉద్యోగమో, ఆఫీసు ఎలా ఉందో ఒక్కరూ అడగలేదు. తోలుసంచి ఆవుదా గేదెదా అని మాత్రం వాదించుకున్నారు. నాకు నిజంగానే కష్టమేసింది.

"ఇప్పుడు నోట్లో పోసుకోండి. తిప్పండి. ఆ... ఉమ్మేయండి!"

మిత్రులిద్దరూ తొట్టి మీదికి వంగారు. నేను గుటుక్కున మింగేశాను. గొంతు భగ్గుమంది. కళ్లవెంట నీళ్లు.

"అయ్యయ్యో! మింగేశారా?" అన్నారు బావగారు, ఒక పన్ను పీకబోయి పక్క పన్ను పీకినంత కంగారుగా.

"మీ మేనకోడలికి ఉద్యోగం వచ్చింది బావగారూ. ఉమ్మేయడానికి మనసొప్పలేదు."