పులుసులో గరిటె

ఆ ఆదివారం తిరుమలరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి వంజరం చేప తేవాలి, పులుసు కాచాలి, గిన్నెకు మూత పెట్టాలి. పదింటికి టీవీ వాళ్లు వస్తే భార్య రోజారమణి ఆ మూత తీసి నవ్వాలి. ఇందులో పొరపాటు జరగడానికి సందే లేదని అతను గట్టిగా నమ్మాడు. పథకాలు వేసేవాళ్లందరికీ ఉండే నమ్మకమే అది.

గాజువాకలో ఓ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు తిరుమలరావు. ఆ మీసం చూస్తే లారీలు వాటంతటవే ఆగుతాయి. అలాంటి మనిషికి ఒక రహస్యం ఉంది. అతను చేపల పులుసు అద్భుతంగా వండుతాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేది అతనే. రోజారమణి ఇనుప ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. మేడంత ఎత్తున కూర్చుని టన్నుల ఇనుమును పూలబుట్టలా దించగలదు గానీ, ఉల్లిపాయ తరగమంటే వేలు తెగ్గోసుకుంటుంది. అందుకే వంట వేళకు ఆ ఇంటి వీధి తలుపు వేసి ఉంటుంది. టీ కొట్టు దగ్గర మాత్రం తిరుమలరావు "మగోడన్నాక వంటింట్లో అడుగెట్టకూడదు బావా" అని ఎదురింటి అప్పలసూరికి ఉపన్యాసం ఇస్తాడు. "అంతే బావా" అని అప్పలసూరి తలూపుతాడు.

ఎంత దాచుకున్నా, తన పులుసును బయటివాళ్లు ఒక్కరైనా మెచ్చుకోవాలని అతని మనసు పీకుతూనే ఉండేది. 'వంటింటి పట్టమహిషి' అనే టీవీ కార్యక్రమం గృహిణుల నుంచి వీడియోలు అడిగేసరికి ఇక ఉండబట్టలేకపోయాడు. ఉడుకుతున్న గిన్నెను మాత్రమే తీసి, రోజారమణి పేరున పంపేశాడు. వాళ్లు ఎంపిక చేసి కూర్చున్నారు.

"నువ్వే వండావని సెప్పెయ్ మావా. గోలొదిలిపోద్ది," అంది రోజారమణి.

"వీధిలో పరువేటవుద్దే! రేపు గేటు కాడ లారీ డ్రైవర్లు నవ్వరా? మూత తియ్యడవేగా, తీసెయ్."

పదింటికి యాంకర్ ఆశాజ్యోతి, కెమెరామన్ నాగవంశీ వ్యాన్ దిగారు. వాళ్ల వెనకే వీధి వీధంతా వచ్చి వంటింటి కిటికీకి అతుక్కుపోయింది. ముందు వరసలో అప్పలసూరి, అతని పక్కన భార్య కుసుమకుమారి. రోజారమణి మూత తీసి, చెప్పినట్టే నవ్వింది.

"సూపర్ మేడమ్! కానీ ఇది పక్కన పెట్టేద్దాం," అంది ఆశాజ్యోతి. "మా షోలో మొదటి నుంచీ కెమెరా ముందే వండాలి. చేప ఇంకా ఉందా?"

లేదని చెబుదామని తిరుమలరావు నోరు తెరిచేలోగా రోజారమణి "ఉంది" అనేసింది. ఆమెకు వంటలాగే అబద్ధాలు కూడా రావు. సగం చేప, తరిగిన ఉల్లిపాయలు, తీసిన చింతపండు రసం రాత్రికని ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్నాయి మరి.

"బెదరకు. పక్కనే నించుని సెప్తాను," అని అతను భార్య చెవిలో గొణిగాడు.

"సార్, మీరు హాల్లో సోఫా మీద," అంది ఆశాజ్యోతి, చేతికి పేపరు అందిస్తూ. "భార్య వండుతుంటే భర్త పేపర్ చదవాలి. చివర్లో తిని 'భలే ఉంది' అనాలి. మీకు అదొక్కటే డైలాగు. వంటింటివైపు చూడకండి, మగవాళ్లు చూడరు కదా."

తిరుమలరావు కూలబడ్డాడు. ఓరకంటితో చూస్తే, ఉల్లిపాయలు వేయకుండానే రోజారమణి కారం డబ్బా ఎత్తుతోంది. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని గట్టిగా చదివాడు.

"ఏటిది! ముందు ఉల్లి సంగతి తేల్చాలంట! ఎర్రబడేదాకా ఒగ్గకూడదంట!"

రోజారమణి చురుకైన మనిషి. కారం దించి ఉల్లిపాయలు వేసింది.

"పసుపు రైతులకి సిటికెడు సాయవేనంట!" చిటికెడు పసుపు పడింది. "నూనె దిగుమతి ఆపేసినారు! ఆపేసినారంట!" నూనె ఆగింది. తిరుమలరావుకు హుషారొచ్చేసింది. "సింతపండు మార్కెట్లోకి దిగిపోయింది!"

"బావకి ఏటయ్యింది? టీవీ అంటే బెదురేటి?" అని కిటికీ అవతల అప్పలసూరి బెంగపడ్డాడు.

"కట్!" అంది ఆశాజ్యోతి. "సార్, ధరలు ఆడవాళ్ల టాపిక్. మగవాళ్లు క్రికెట్ చదువుతారు. ప్లీజ్."

క్రికెట్ పేజీలో పులుసెక్కడ దొరుకుతుంది? అయినా ఆకలిగొన్నవాడిలా వెతికాడు తిరుమలరావు. అక్కడ పులుసు పొంగి పొయ్యి మీద పడబోతోంది. "కెప్టెన్‌కి కోపమెక్కువంట! మంట తగ్గించుకోవాలంట!" అని కేకేశాడు. మంట తగ్గింది. "కొత్త కుర్రోళ్లని ఒక్కొక్కళ్లనీ దించాలంట!" చేప ముక్కలు ఒక్కొక్కటే దిగాయి.

ఇక మిగిలింది అసలు ఘట్టం. పులుసులో ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు. గిన్నెను రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. గరిటె పెట్టారో, ముక్కలన్నీ చితికి చేప పేరు చెప్పుకోవడానికి ముళ్లే మిగులుతాయి. ఈ సంగతి ఈ తీరంలో పుట్టినవాళ్లందరికీ తెలుసు, ఒక్క రోజారమణికి తప్ప.

"స్పిన్నర్లు తిప్పాలంట! మెల్లిగా తిప్పాలంట!" అన్నాడతను.

రోజారమణి గోడకున్న పొడవాటి ఇనుప గరిటె అందుకుంది.

ఇన్నేళ్ల పరువు ఒకవైపు, వంజరం ముక్కలు ఒకవైపు. తిరుమలరావు ఎక్కువసేపు ఆలోచించలేదు.

"గరిటెట్టకే!"

అరిచింది అతనొక్కడే కాదు. కిటికీ అవతల నుంచి వీధిలోని మగాళ్లంతా ఒక్క గొంతుతో "గరిటెట్టకమ్మా!" అని గావుకేక పెట్టారు. కెమెరా వెనక నుంచి నాగవంశీ కూడా "అయ్యో మేడమ్, గరిటె!" అన్నాడు. రోజారమణి ఉలిక్కిపడి గరిటె జారవిడిచింది. తిరుమలరావు సోఫా మీద నుంచి దూకి, చేతిలోని పేపరునే మసిగుడ్డ చేసి, గిన్నె పట్టుకుని గిరగిరా తిప్పేశాడు.

"మెల్లిగా బావా, మెల్లిగా!" అప్పలసూరి కిటికీ ఊచల్లోంచి సగం లోపలికొచ్చేశాడు. "మెంతిపిండి సిటికెడేసి మూతెట్టు! మూతెట్టాక మళ్లీ తియ్యకు!"

తిరుమలరావు తలెత్తాడు. "మెంతిపిండి సంగతి నీకెలా తెలుసు బావా?"

"అదీ... మీ సెల్లెలు సేత్తంటే సూసాను."

"నానా?" అంది కుసుమకుమారి. "నాను సేప కడిగి ఎన్నేళ్లయిందో! నీకు రాదు, ఎల్లు, ఎల్లు అని వంటింట్లోంచి తరిమీది ఎవరు?"

కిటికీ దగ్గరున్న మగాళ్లందరికీ ఒక్కసారిగా తమ చెప్పులు చూసుకోవాలనిపించింది.

ఆశాజ్యోతి తల పట్టుకుంది. "ఇది గృహిణుల షో అండీ. మగవాళ్లు వండితే చెఫ్ అంటారు, దానికి వేరే షో, వేరే స్పాన్సర్. మేడమ్, కనీసం ఆ గిన్నె పట్టుకుని నిలబడండి, ఎలాగో అతికించేస్తాను."

"నానెందుకు పట్టుకుంటాను?" అంది రోజారమణి. ఆమెకు నిజంగానే కోపమొచ్చింది. "రోజూ అంతెత్తున కూకుని ఇనుం మోత్తన్నాను. అది తియ్యడానికి ఒక్క కెమెరా రానేదు. నాకు రాని పులుసు తియ్యడానికి ఇంటికొచ్చేసినారు! వండినోడి పేరెయ్యండి. నాకేటీ సిగ్గు నేదు. ఆయనకుంటే ఆయన్నడగండి."

తిరుమలరావు పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్లూ తలుపు వేసుకుని ఎవరి నుంచి దాక్కున్నాడో వాళ్లంతా కిటికీలో నిలబడి ఉన్నారు. ఒక్కడూ నవ్వడం లేదు. పైగా గిన్నె వైపు ఆశగా చూస్తున్నారు.

ఏం చేయాలో తోచక ఆశాజ్యోతి ఇందాక పక్కన పెట్టించిన పులుసులోంచి ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. ఇంకో ముక్క తీసుకుంది.

"కెమెరా ఆపావా?" అని అడిగింది చివరికి.

"లేదండీ," అన్నాడు నాగవంశీ. "అరుపులు కూడా వచ్చాయి."

"అయితే ఉన్నదున్నట్టే వేసేద్దాం. స్పాన్సర్‌కి నేను చెప్పుకుంటాను." ఆమె సంచిలోంచి రాళ్ల కిరీటం, 'వంటింటి పట్టమహిషి' అని రాసిన ఎర్ర పట్టీ తీసి రోజారమణి వైపు చూసింది. రోజారమణి పక్కకు తప్పుకుంది.

తిరుమలరావు కిటికీ వైపు చూశాడు.

"ఏటి బావా అలా సూత్తన్నావ్?" అన్నాడు అప్పలసూరి. "తలొంచు!"

వంచాడు. మీసాల మనిషి నెత్తిన కిరీటం తళుక్కుమంది, వీధంతా ఈలలేసింది. ఆ రోజు మొత్తం మీద తిరుమలరావు చేసిన ఫిర్యాదు ఒక్కటే, ఆడవాళ్ల కొలతకు చేశారు కాబట్టి కిరీటం కాస్త బిగుతుగా ఉందని.