నాలుగు టన్నుల పొరుగువాడు

పక్కనే మనకన్నా బలవంతుడు కాపురముండటం వరమని నేనంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మీ పొరుగువాడు మహా అయితే మీ గేటుకు అడ్డంగా కారు పెడతాడు, లేదా చెత్త మీ వాకిట్లోకి ఊడుస్తాడు. మా పొరుగువాడు నాలుగు టన్నుల బరువుంటాడు. వచ్చేటప్పుడు మరో ఏడుగురిని వెంటేసుకుని వస్తాడు.

చంద్రగిరి దాటి కొండ వైపు పోతే అడవిని ఆనుకుని మా ఊరు ఉంది. అవతల ఏనుగులు, ఇవతల మా చెరుకు. సరిహద్దు ఎక్కడుందో మాకు బాగా తెలుసు. ఏనుగులకే ఎవరూ చెప్పలేదు.

అవి రాకముందు మా ఊళ్లో నలుగురు ఒక చోట కూర్చుని మాట్లాడుకున్నది లేదు. వచ్చాక రక్షణ కమిటీ పుట్టింది. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు స్టాంపు కొట్టి రిటైరైన కృష్ణమూర్తిని, అంటే నన్ను, అధ్యక్షుణ్ణి చేశారు. రక్షణ వ్యవహారాలకు ముద్ర వేయడం తెలిసినవాడు చాలని అందరూ ఒప్పుకున్నారు. ఇది వరం కాక మరేమిటి?

కమిటీలో నా తర్వాతి మనిషి వెంకటముని. అతని రెండెకరాల చెరుకు అడవి అంచునే ఉంది కాబట్టి ప్రతి యుద్ధమూ అతని చేలోనే మొదలయ్యేది. మాకు ఆయుధాలు సరఫరా చేసింది చంద్రగిరి బజారులో అంగడి ఉన్న సుభాన్ బాషా. టార్పాలిన్లు, టార్చిలైట్లు, పెళ్లిళ్లకు టపాసులు అమ్ముకునే నెమ్మదైన మనిషి. మా ఊరి పుణ్యమా అని ఏడాదిలో పక్క గది కూడా అద్దెకు తీసుకున్నాడు.

మొదట టపాసులు కొన్నాం. మొదటి వారం ఏనుగులు పరిగెత్తాయి. రెండో వారం నిలబడి చూశాయి. మూడో వారం పిల్ల ఏనుగు ఇంకాస్త దగ్గరికొచ్చి మరీ చూసింది. మా తిరనాళ్లలో కూడా అంత శ్రద్ధగా చూసేవాళ్లు లేరు.

తర్వాత తేనెటీగల రొద వినిపించే స్పీకరు తెచ్చాం. ఏనుగులకు తేనెటీగలంటే భయమట. దానికి జడిసి వెంకటముని ఎద్దులు కట్టుతాళ్లు తెంపుకుని పోయాయి. ఏనుగులు మాత్రం తీరిగ్గా చెరుకు నమిలాయి.

ఆ తర్వాత సోలార్ కంచె. ముట్టుకుంటే చురుక్కుమంటుంది, ప్రాణం తీయదు. గుంపులో పెద్దది దాన్ని రెండు రోజులు దూరం నుంచి పరిశీలించింది. మూడో రోజు ఒక ఎండు చెట్టును తెచ్చి కంచె మీద పడేసి, పిల్లాపాపలతో దాటుకుంటూ వచ్చింది. అది ఏ మిలిటరీ అకాడమీలో చదివిందో!

మేం అధైర్యపడలేదు. ఆయుధం పనిచేయకపోతే తప్పు ఆయుధానిది కాదు, ఇంకా పెద్దది కొననందుకు మనది. ఇదీ నా సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం చివరికి ఎక్కడికి తీసుకుపోవాలో అక్కడికే తీసుకుపోయింది. ఒక సాయంత్రం వెంకటముని మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. సగం చెరుకు నేలపాలైంది. మనిషి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంగ నా వల్ల గాదు సారూ. స్తంభం నుంచి నేరుగా కరెంటు తీగ లాగేస్తా. తగిలిందంటే మళ్లా లేయకూడదు," అన్నాడు.

అది నేరమని నాకు తెలుసు. అధ్యక్షుడిగా వద్దనాలి. నేను అనలేదు. మరుసటి రోజు అతనితో కలిసి సుభాన్ బాషా అంగడికి పోయాను.

"ఇంత వైరు దేనికప్పా?" అని అడిగాడు బాషా.

వెంకటముని చెప్పాడు. బాషా విని, అప్పటికే కిందికి దించిన వైరు చుట్టను మళ్లీ పైన పెట్టేశాడు.

"వైరు ఉండాది. మీకు మాత్రం ఇయ్యను."

"బేరం పోతుంది కదయ్యా," అన్నాను.

"పోనీ సారూ. తెల్లారేసరికి ఆ గట్టు మీద నడిసేది యెవురు? ఈయన పెండ్లామే గదా గడ్డికి పొయ్యేది. ఏనుక్కి కొట్టే కరెంటు ఆదిలక్ష్మమ్మకు కొట్టదా?"

వెంకటముని అంగడి మెట్టు మీద కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం కప్పుకుని చాలాసేపు తీయలేదు. నేను ఎదురుగా ఉన్న సైకిల్ షాపు బోర్డును రెండుసార్లు చదివాను.

ఆయుధాలమ్మేవాడే అమ్మనని మొండికేస్తే ఎట్లా? అందరూ ఇట్లాగే తయారైతే ప్రపంచంలో ఒక్క యుద్ధమైనా సక్రమంగా నడుస్తుందా?

ఇంటికొచ్చి ఈ అన్యాయమంతా మా ఆవిడ ఆనందమ్మకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"అవి యెందుకొస్తా ఉండాయో మీ కమిటీ యెప్పుడైనా అడిగిందా?" అన్నది.

శత్రువు ఎందుకొస్తున్నాడని అడగడం ఓటమిలో మొదటి మెట్టని వివరించాను. ఆమె వినలేదు. మరుసటి ఉదయం అటవీ శాఖలో బీట్ ఆఫీసరుగా పనిచేసే అమలను వెంటబెట్టుకుని, ఆదిలక్ష్మమ్మతో కలిసి కొండ దారి పట్టింది. గూఢచర్యం కోసం నేనూ వెనకే పోయాను.

అరగంట నడిచాక జంతువుల కోసం కట్టిన సిమెంటు తొట్టి కనిపించింది. అడుగున పగులు. చుక్క నీరు లేదు. చుట్టూ పెద్ద పెద్ద అడుగుల మధ్య పిల్ల ఏనుగు చిన్న అడుగులు కూడా ఉన్నాయి. తొట్టి పక్కన నేలను తవ్వి చూసిన గుర్తులున్నాయి.

ఆనందమ్మ వంగి పగుల్లో వేలు పెట్టి చూసింది. "దప్పికకొస్తా ఉండాయి. దోవలో చెరుకు కనబడితే తినకుండా పోతాయా," అన్నది.

"రెండేండ్లుగా పైకి రాస్తానే ఉండాను పెద్దమ్మా. జవాబు రాలేదు," అన్నది అమల.

వెంకటముని రెండు బస్తాల సిమెంటుతో ఆ పగులు పూడ్చాడు. బాషా ఒక మందపాటి టార్పాలిన్ తెచ్చి తన చేతులతోనే అడుగున పరిచాడు. వెంకటముని బోరు నీళ్లు వారానికి రెండు ట్యాంకర్లు తొట్టికి చేరాయి. మొదటి వారం ఏనుగులు రెండుసార్లు చేలోకి వచ్చాయి. రెండో వారం ఒక్కసారే. ఆ తర్వాత నలభై రోజులు రాలేదు.

ఊరు ఎంత నష్టపోయిందో ఊహించండి! మీటింగుల్లేవు, తీర్మానాల్లేవు. అధ్యక్షుణ్ణని నేను గుర్తుచేస్తే తప్ప ఎవరికీ గుర్తుకు రావడం లేదు. వెంకటముని చెరుకు మళ్లీ చిగురు వేస్తోంది. ఆదిలక్ష్మమ్మ గట్టు మీద గడ్డి కోసుకుంటూ పాడుకుంటోంది.

ఇంతలో ఎండలు ముదిరి వెంకటముని బోరు నీళ్లకు బదులు గాలి కొట్టడం మొదలుపెట్టింది. ట్యాంకరు ఆగిపోయింది. ఎండాకాలం పోయేదాకా తొట్టికి నీళ్లు తోలించమని అర్జీ రాసుకుని తిరుపతిలో ఒక ఆఫీసుకు పోయాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, అర్జీ రెండుసార్లు చదివాడు.

"కంచెకు స్కీముంది సార్. టపాసులకుంది, సైరన్‌కు కూడా ఉంది. తొట్టిలో నీళ్లు పోయడానికి లేదు."

"మరేం చేయమంటారు?"

"ఏనుగులు మళ్లీ దాడి చేశాయని ఒక లెటర్ ఇవ్వండి. ఇంకో కంచె శాంక్షన్ చేయిస్తా."

"నలభై రోజులుగా రాలేదు కదండీ."

"అదే మీ కేసులో వీక్ పాయింటు," అన్నాడు ఆయన జాలిగా.

ఇంటికొచ్చి తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ మొదటి వాక్యం రాలేదు. ఆనందమ్మ వచ్చి సంగతేమిటని అడిగింది. చెప్పాను. ఆమె గుమ్మంలో నిలబడి, ఎండకు తెల్లబడిన కొండ వైపు చూసింది.

"ఇంగో పది దినాలు ఆగు. తొట్టి ఎండిపోతాది. అప్పుడు నువ్వు అబద్ధం రాసే పనుండదు," అన్నది.