కదలని కాళ్ల సర్టిఫికెట్

అలల మీద పలక వేసుకుని నిలబడే ఆట, అదే సర్ఫింగ్, నేర్పేవారి కాళ్లలో బలముందో లేదో, ఒంట్లో నిలకడ ఉందో లేదో ఇకమీదట తీర సంఘమే స్వయంగా పరీక్షిస్తుందని ప్రకటన వెలువడింది. ప్రజల ప్రాణాలంటే సంఘానికి అంత ప్రేమ. పరీక్షా స్థలం కార్యాలయం రెండో అంతస్తు, తివాచీ పరిచిన సమావేశపు గది. సముద్రం దగ్గర పెట్టొచ్చు కదా అని అడిగే అమాయకులు మీలో లేరని తెలుసు. సముద్రం దగ్గర ఫ్యాను ఉండదు. పైగా ఏడుగురు సభ్యుల్లో ఆరుగురికి నీళ్లంటే భయం, ఏడో ఆయనకు జలుబు.

తొమ్మిదేళ్లు సర్ఫింగ్ నేర్పిన టీచరమ్మ ఏడాది పిల్లను చంకనేసుకుని మెట్లెక్కింది. కాన్పయ్యాక మళ్లీ పనిలో చేరాలంటే ఆ సర్టిఫికెట్ కావాలి. లేదంటే సోమవారానికి ఆ ఉద్యోగం ఇంకొకరిది. మళ్లీ అలలెక్కడం కోసం ఆవిడ పది నెలలుగా గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చుంది. ఒంటికాలి మీద నిలబడి గిన్నెలు తోమింది. పిల్లను భుజాన వేసుకుని గుంజీలు తీసింది. తొడలు వణికిన రోజుల్లో, ఇక నావల్ల కాదేమోనని ఏడ్చింది కూడా. దరఖాస్తులో ఇవేవీ రాయడానికి గడి లేదు.

తివాచీ మీద పలక పెట్టారు. దానిమీద మూడు నిమిషాలు కదలకుండా నిలబడాలి. ముందుగా అధ్యక్షులవారి బావమరిది ఎక్కాడు. ఆయన గోదాము కాపలాదారు. పాతిన గుంజలా నిలబడ్డాడు. రెండో నిమిషంలో చిన్న కునుకు తీశాడు. కునుకులోనూ చెక్కుచెదరకపోవడం అసామాన్య ప్రతిభగా నమోదైంది.

టీచరమ్మ పిల్లను కింద కూర్చోబెట్టి పలక ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే కాళ్లు తమ పని మొదలుపెట్టాయి. మోకాళ్లు వంగాయి, పాదాలు బరువును అటూ ఇటూ మార్చుకున్నాయి, నడుము అల కోసం ఎదురుచూసింది. తివాచీలో అల రాలేదు.

"కదులుతున్నావమ్మా," అన్నారు అధ్యక్షులు.

"సముద్రం కదులుతుంది కదండీ. దానితోపాటు మనమూ కదలాలి. బిగుసుకుంటే పడిపోతాం."

"సముద్రం సంగతి సముద్రం చూసుకుంటుంది. నీ కాళ్ల సంగతి చెప్పు."

ఇంతలో పిల్ల ఏడుపు లంకించుకుంది. తల్లి దిగకుండానే వంగి, దాన్ని ఎత్తి చంకన వేసుకుంది. ఏడాదిగా అలవాటైన బరువు చేరగానే మనిషి స్థిరపడింది. సంఘం దీన్ని 'బయటి ఊతం'గా గుర్తించి ఆవిడను పరీక్షలో తప్పించింది.

"నిలకడంటే కదలకపోవడం," అని అధ్యక్షులు ముగింపు ఉపన్యాసంలో సెలవిచ్చారు. "మన సంఘాన్నే చూడండి. పదకొండేళ్లుగా ఎక్కడుందో అక్కడే ఉంది."

సోమవారం అధ్యక్షులవారి సమక్షంలో బావమరిది తొలి పాఠం. టీచరమ్మ తన పాత పలక తీసుకుపోవడానికి వచ్చింది. బావమరిది సభికులకు నమస్కరించి, నీళ్లలో పలక ఎక్కి, నియమం ప్రకారం బిగుసుకున్నాడు. మొదటి అలకే నిలువునా మునిగాడు, వంగను కూడా వంగలేదు. టీచరమ్మ పిల్లను అధ్యక్షుల చేతిలో పెట్టి దూకింది. మనిషిని ఈడ్చుకొచ్చి గట్టున పడేసేసరికి, అధ్యక్షులు పిల్ల బరువుకే పొడి ఇసుకలో తూలి కూలబడి ఉన్నారు.

విచారణ జరిగింది. అల ముందస్తు సమాచారం లేకుండా వచ్చినట్టు తేలింది. అప్పటినుంచి పాఠాలన్నీ పొడి ఇసుక మీదే. టీచరమ్మకు బావమరిది కింద, పడినవారిని నీళ్లలోంచి తీసే సహాయకురాలి ఉద్యోగం ఇచ్చారు. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, అందులో నిలబడే పని లేదు కదా.

ఆ ఇసుకలో మీ పిల్లలూ ఉన్నారు. వరసగా, పలకల మీద, కదలకుండా. మూడో నెలకే సర్టిఫికెట్లు వచ్చాయి, మీరు ఫొటోలు తీసి గోడకు తగిలించారు. వాళ్ల పక్కనే టీచరమ్మ కూతురు నాలుగడుగులు వేసి పడుతోంది, లేస్తోంది, మళ్లీ పడుతోంది. మొన్న మీలోనే ఒకరు జాలిపడి, ఆవిడను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు.

"ఏమీ అనుకోకమ్మా, నీ పిల్లకు కాళ్లలో బలం లేనట్టుంది. మా వాడిని చూడు, అసలు కదలడు."