సభ గుహకి సెగ పెట్టారు

ఒక పెద్ద అడవిలో అంటే సరిపోదు. ఎంత పెద్దదంటే, దాన్ని ఏలడానికి ఒక సభ, ఆ సభకి ఒక గుహ, ఆ గుహలో కూర్చోడానికి పరుపులు, ఆ పరుపుల్లో కాపురముండటానికి నల్లులు కూడా ఉన్నంత పెద్ద అడవిలో, గుర్నాథం అనే ఎలుగుబంటి సభాధ్యక్షుడిగా ఉండేవాడు.

గుర్నాథం మంచివాడే. తేనె తప్ప ఇంకో లంచం ముట్టేవాడు కాదు. పులికి కూడా జంకడుగానీ, ఇంట్లో భార్య సూరమ్మ గొంతు సవరించుకుంటే మాత్రం లేచి నిలబడేవాడు.

ఆ సభలో ఒక ఆచారం ఉంది. సభ్యుడిగా నెగ్గినవాడికి అతని జాతివాళ్ళంతా కలిసి ఒక పరుపు కుట్టి ఇస్తారు. ఆ పరుపే పదవి. దానిమీద కూర్చున్నంతకాలం సభ్యుడు, అది చేజారితే మామూలు జంతువు. దాన్ని ఇంకొకరు తొక్కకూడదు. బయట నేలమీద పెట్టకూడదు. గుహ దాటించాలంటే ముందు డప్పు, వెనక సభ్యుడు నడవాలి. దాటాక సభ్యుడి ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉంచకూడదు.

గుర్నాథం పరుపు బూరుగు దూదిది. ఏనుగు కొండమ్మగారిది ఎండుగడ్డిది, గుహలో సగం అదే ఉండేది. నెమలి మాణిక్యాలరావు పరుపులో తన సొంత ఈకలే కుక్కించుకున్నాడు. కార్యదర్శి నక్క పానకాలుది మాత్రం కుందేలు బొచ్చు. అది ఎక్కణ్ణించి వచ్చిందని సభలో ఎవరూ అడగలేదు. ముఖ్యంగా కుందేలు సభ్యుడు అడగలేదు.

ఇంత మెత్తదనం చూశాక నల్లులు రాకుండా ఎలా ఉంటాయి? వచ్చాయి. పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకున్నాయి.

దాంతో పాలన పాడైంది. ఆ సభలో ఓటంటే చెయ్యెత్తడం. ఒకనాడు ఏట్లో మొసలికి సభ తరఫున సన్మానం చెయ్యాలని ఎవరో సరదాకి తీర్మానం పెడితే, అది ఏకగ్రీవంగా నెగ్గింది. పెట్టినవాడే నోరు వెళ్ళబెట్టాడు. తీరా చూస్తే ఎవరూ ఓటెయ్యలేదు, అందరూ చంకలు గోక్కున్నారు. తీర్మానం తీర్మానమే కాబట్టి సన్మానం జరిగింది. దండ వెయ్యడానికి వెళ్ళిన జింక ఇంకా తిరిగి రాలేదు.

గుర్నాథానికి మొసలి గొడవకన్నా ఇంటి గొడవ ఎక్కువైంది. సూరమ్మ రోజూ అతన్ని గుమ్మంలో నిలబెట్టి, ముళ్ళపంది ముల్లుతో ఒళ్ళంతా దువ్వి గానీ లోపలికి రానిచ్చేది కాదు.

"ఏమయ్యా, చెప్తున్నా విను," అందొకరోజు. "నీ బొచ్చులో ఒక్క నల్లి నా ఇంట్లోకి వచ్చిందా, నువ్వూ నీ అధ్యక్షతా గుమ్మం అవతలే. చలికాలం వస్తోంది. ఆలోచించుకో."

ఎలుగుబంటికి చలికాలంలో పడక లేకపోవడమంటే ఏమిటో ఎలుగుబంటికే తెలుసు. మర్నాడే గుర్నాథం సభ పిలిచి, కొండముచ్చు బంగారయ్యని రప్పించాడు.

బంగారయ్య పట్నంలో తిరిగి వచ్చినవాడు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

"నేను పట్నంలో ఒక లాడ్జీ కప్పు మీద కాపురమున్నాను," అన్నాడు కూర్చోకముందే. "అక్కడి నల్లులు మీ నల్లుల్లాంటివి కావు. మందు కొడితే ఒళ్ళు విరుచుకునేవి. అలాంటివాటికి వేడి పెట్టించారు. ఇక కిక్కురుమంటే ఒట్టు."

"వేడంటే మంటా?" అన్నారు కొండమ్మగారు, చెవులు విసరడం ఆపి.

"మంట కాదమ్మగారూ, సెగ. గది బిగించేసి వేడి గాలి వదుల్తారు. ఆ వేడి మూలమూలకీ వెళ్ళాలి. గోడ పగుల్లోకి దూరాలి, పరుపు కడుపులోకి దిగాలి. దిగినది దిగినట్టు పూటంతా అక్కడే ఉండాలి. అప్పుడు నల్లీ చస్తుంది, గుడ్డూ చస్తుంది."

"మనకి వేడి గాలి ఎక్కడిది నాయనా?" అన్నాడు పానకాలు.

"బండలు ఎర్రగా కాల్చి లోపలికి దొర్లిద్దాం. గుమ్మం మట్టితో మూసేద్దాం. అన్నిటికన్నా చల్లగా ఉండే మూలలో ఒక మైనం ముద్ద పెట్టి, కన్నంలోంచి చూస్తూంటాను. అది కారిపోయిందంటే నల్లి తట్టుకునే వేడి దాటినట్టే. ఒకటే షరతు. పరుపులన్నీ లోపలే ఉండాలి. నల్లులుండేది వాటిల్లోనే. పరుపు బయటికి పంపి గుహ కాల్చడమంటే, దొంగని సాగనంపి ఇల్లు సోదా చెయ్యడమే."

సభ చప్పట్లు కొట్టింది. తీర్మానానికి అందరూ చేతులెత్తారు. ఎందుకైనా మంచిదని పానకాలు ముందుగానే, గోక్కునేవాళ్ళు రెండో చెయ్యి వాడుకోవాలని మనవి చేశాడు.

బంగారయ్య బండలు పోగేస్తుంటే కొండమ్మగారు మెల్లగా పక్కకొచ్చి నిలబడ్డారు.

"అందరివీ లోపలే ఉండాలయ్యా, నేను కాదన్నానా. కానీ నాది ఎండుగడ్డి. అంటుకుంటే?"

"సెగకి అంటుకోదమ్మగారూ."

"మా అమ్మమ్మ నమలకుండా దాచిపెట్టిన గడ్డి అది."

బంగారయ్య ఆవిడ కాళ్ళవైపు చూశాడు. ఒక్కో కాలూ తనకన్నా పొడుగుంది. "మీదొక్కటే అయితే ఫరవాలేదు లెండి," అన్నాడు.

ఆ వెనకే మాణిక్యాలరావు వచ్చాడు. "ఏమోయ్, వేడికి నా ఈకల రంగు వెలిస్తే మా జాతి మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?"

"మీదొక్కటే అయితే ఫరవాలేదండీ."

పొద్దు వాలేలోగా ఆ మాట సభ్యులందరికీ విడివిడిగా దొరికింది. అందరిదీ ఒక్కటే.

గుర్నాథం మాత్రం గట్టిగా ఉన్నాడు. సూరమ్మ ముల్లు ఇంకా ఒంటిమీద కదుల్తున్నట్టే ఉంది మరి. "నా పరుపు లోపలే ఉంటుంది, మాడి మసైనా సరే," అన్నాడు.

పానకాలు చేతులు నలుపుకున్నాడు. "తమరి మనసు నాకు తెలీదా అధ్యక్షా. కానీ అందరి పరుపులూ ఊరేగి ఇళ్ళకెళ్తుంటే, అధ్యక్షులవారిదొక్కటే ఆ సెగలో మగ్గిందంటే జనం ఏమనుకుంటారు? ఇతనిదే నల్లుల పరుపు అనుకోరూ? నేనలా అనను. నేనే గనక అంటే, వచ్చే ఎన్నికల్లో అంటాను."

గుర్నాథం తల గోక్కున్నాడు. అది ఒప్పుకోలు కిందే రాసుకున్నాడు పానకాలు.

ఇక చూడాలి ఆ ఊరేగింపులు. ప్రతి తోవలోనూ డప్పులే. పిట్టలు గూళ్ళు వదిలి కొమ్మల చివరికొచ్చి కూర్చున్నాయి. కొండమ్మగారి పరుపుకి గొడుగు కూడా పట్టారు. నల్లులు పుట్టి బుద్ధెరిగాక అంత మర్యాద ఎన్నడూ ఎరగవు.

గుర్నాథం ఇల్లు చేరేసరికి సూరమ్మ సీతాఫలాలు ఏరడానికి వెళ్ళింది. డప్పువాణ్ణి మలుపులోనే ఆపేసి, పరుపుని గుట్టుగా పడక వెనక దోపేశాడు.

గుహకి సెగ పెట్టారు. పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా జరిగింది. బండలు కణకణలాడాయి, చల్లటి మూలలో మైనం నీళ్ళై కారింది. చల్లారాక గుమ్మం మట్టి తీసి బంగారయ్య పగులు పగులూ వెతికాడు. నల్లి లేదు. ఆ మాటకొస్తే గుహలో ఇంకేమీ లేదు.

సభ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గుర్నాథానికి 'నల్లికాలాంతక' అని బిరుదిచ్చారు. పరుపులు తిరిగి రావడానికి మంచి ముహూర్తం చూస్తానని, అందాకా ఇళ్ళల్లోనే ఉంచాలని పానకాలు చెప్పాడు. నల్లులకి ఇల్లు సర్దుకోడానికి ఆ వ్యవధి చాలు.

ఒక మధ్యాహ్నం సూరమ్మ గోటి చివర ఏదో పట్టుకొచ్చి మొగుడి ముక్కు ముందు పెట్టింది.

"ఏమిటయ్యా ఇది?"

"దుమ్ము అయ్యుంటుంది."

"దుమ్ముకి కాళ్ళుంటాయా?"

"అడవి దుమ్ము కదా," అన్నాడు నల్లికాలాంతకుడు.

సూరమ్మ వెతికి వెతికి పడక వెనకనుంచి పరుపు లాగింది.

"దాన్ని తొక్కకూడదే," అన్నాడు గుర్నాథం కంగారుగా.

"తొక్కను. అవతల పారేస్తా."

"నేలమీద పెట్టకూడదు."

"అయితే నెత్తిన పెట్టుకో. పెట్టుకుని నడువు."

ఎర్రటెండలో, డప్పు లేకుండా, నెత్తిమీద పదవితో గుర్నాథం సభ గుహకి చేరాడు. అడవి మొత్తంలో నల్లి లేని చోటు అదొక్కటే కదా. లోపల కొండమ్మగారు అప్పటికే పరుపు పరుచుకుని కూర్చున్నారు.

"పని ఒత్తిడి," అన్నారావిడ, అటు చూస్తూ.

"నాకూ అంతే," అన్నాడు గుర్నాథం.

కాసేపటికి మాణిక్యాలరావు వచ్చాడు, తీర్మానాలు పేరుకుపోయాయంటూ. ఆ తర్వాత పానకాలు, ముహూర్తం ఇప్పుడే కుదిరిందంటూ. సాయంత్రానికి సభ నిండింది. ఎవరి భార్య, ఎవరి మొగుడు ఏమన్నారో ఎవరూ ఎవర్నీ అడగలేదు. అందరూ గోక్కుంటూ కూర్చున్నారు.

దారిన పోయే జంతువులు లోపలికి తొంగిచూసి చేతులు జోడించాయి. "ఇళ్ళు వాకిళ్ళు వదిలేసి మనకోసం ఎంత తపిస్తున్నారో చూడండి," అని పిల్లలకి చూపించాయి.

సభ అలా వాయిదా పడకుండా నడుస్తూనే ఉంది. చలిగాలి మొదలైన రోజున సూరమ్మ గుమ్మంలో నిలబడింది. వెనక బంగారయ్య, చంకలో కూలికిచ్చిన అరటిగెల.

"ఇల్లంతా సెగ పెట్టించాను," అందావిడ. "ఒక్క వస్తువు బయటికి తియ్యలేదు. మా పుట్టింటి కంబళీ లోపలే, నువ్వు దాచుకున్న తేనెపట్టూ లోపలే. అది కారిపోయింది, నల్లులూ పోయాయి."

"తేనె మొత్తం కారిందా?" అన్నాడు గుర్నాథం నీరసంగా.

"మొత్తం. లే, ఇంటికి పద. గుమ్మంలో దువ్వి లోపలికి తీసుకుంటా. ఆ మూట మాత్రం ఇక్కడే వదిలెయ్."

బంగారయ్య గొంతు కలిపాడు. "అధ్యక్షా, ఇప్పుడు పరుపులన్నీ లోపలే ఉన్నాయి. బండలు నేను కాలుస్తా. మీరంతా ఒక్క పూట లేచి బయటికొస్తే చాలు, ఈ పరుపుల్లో నల్లి మిగలదు."

గుర్నాథానికి తన పడక కళ్ళముందు మెదిలింది. మెత్తటి ఆకులు, వెచ్చటి మూల, పక్కన సూరమ్మ గురక. ఒక కాలు ముందుకి పెట్టాడు కూడా.

పానకాలు గోక్కోవడం ఆపి, బూరుగు దూది పరుపువైపు కొంచెం జరిగాడు. పానకాలు పరుపువైపు మాణిక్యాలరావు జరిగాడు. మాణిక్యాలరావు పరుపు మీదికి కొండమ్మగారి తొండం వచ్చింది.

గుర్నాథం కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వెళ్ళు సూరమ్మా," అన్నాడు. "సభ జరుగుతోంది."

సూరమ్మ అతన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. బంగారయ్య చంకలోని అరటిగెల తీసుకుని, ఇంట్లో తినొచ్చు రమ్మని అతన్ని పిలుచుకుని వెళ్ళిపోయింది.

నీతి: నల్లిగా పుట్టినా ఫరవాలేదు, చేరేదేదో పెద్దవాళ్ళ పరుపులోనే చేరాలి.