ఓబులయ్య ముళ్లు, శేషగిరి సెలవు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఈ చివర అరిచిన నెమలి ఆ చివరికి వినపడనంత పెద్దది, ఒక వాగు కచేరీ ఉండేది. ఎగువన నీళ్లు కదిలితే దిగువ జంతువులకి ముందే కబురు చెప్పడం దాని పని. పేరు కచేరీదే గానీ, ఆ పని చేసేది ఒక్కడే. ముళ్లపంది ఓబులయ్య.

ఓబులయ్య నేలకి చెవి ఆనిస్తే రెండు కొండల అవతల వాగులో రాయి దొర్లినా తెలిసేది. పన్నెండు వానాకాలాల్లో ఒక్కసారీ తప్పలేదు. ఈ మాట కచేరీలో ఎవరూ అనలేదు. అనలేదన్న సంగతి ఓబులయ్య మర్చిపోలేదు.

అతనికి చేతకానిదల్లా నలుగురిలో మసలడం. చేతకాదని ఎవరికీ తెలియదు, ఎందుకంటే కష్టపడి నేర్చుకున్నాడు. ముళ్లు లేపుకుని తిరిగితే పక్కన కూర్చోనివ్వరని చిన్నప్పుడే వాళ్లమ్మ చెప్పింది. అప్పట్నించీ బొరియ దాటేముందు ముళ్లన్నీ ఒక్కొక్కటే అణిచి వీపుకి అంటించుకునేవాడు. ఎదుటివాడి కళ్లలోకి చూడలేక కనుబొమల మధ్య చూసేవాడు. "తిన్నావా" అంటే తినకపోయినా తిన్నానండీ అనేవాడు.

కచేరీకి పెద్ద, గుంటనక్క శేషగిరి. అతనికి ఒకటే జోకు వచ్చు. పెళ్లిచూపులకని బయల్దేరిన ఎండ్రకాయ పక్కకి నడిచి నడిచి పక్కింట్లో దూరిందిట. అది విన్నాక ఓబులయ్య లోపల మూడు లెక్కపెట్టుకుని నవ్వేవాడు. రెండుకి నవ్వితే తొందర, నాలుగుకి నవ్వితే అనుమానం. అప్పటికి రెండువందల పదహారుసార్లు నవ్వాడు. లెక్క తప్పలేదు.

సాయంత్రం బొరియకి చేరి, మొహం గోడకి తిప్పి ముళ్లు వదిలేవాడు. ఒళ్లంతా సలిపేది. తెల్లారేసరికి సర్దుకునేది.

అలా జరిగిపోతుండగా శేషగిరికి ఒక ఆలోచన వచ్చింది. సింహం దొరగారు ఏటా ఒక కచేరీని మెచ్చుకుంటారు. పనిలో మెప్పు రావాలంటే పని చెయ్యాలి, అది తెమిలేది కాదు. అందుకని కలుపుగోలుతనంలో మెప్పు కొట్టెయ్యాలని "కలివిడి మాసం" పెట్టాడు. పొద్దున్నే ప్రతివాడూ ప్రతివాణ్ణీ పేరుపెట్టి పలకరించాలి. మధ్యాహ్నం అందరూ కలిసి తినాలి, తింటూ కబుర్లు చెప్పాలి. సాయంత్రం చప్పట్లు కొడుతూ పాట. ఎవడెంత కలిసిపోయాడో కోతి భూషణం చూసి మార్కులు వేస్తాడు.

అందరికంటే ఎక్కువ మార్కులు ఓబులయ్యకే వచ్చాయి. పుట్టుకతో వచ్చినవాడు అజాగ్రత్తగా చేస్తాడు, నేర్చుకున్నవాడు తప్పుల్లేకుండా చేస్తాడు.

ఇంటికెళ్లాక మాత్రం దుంప కొరకడానికి దవడ లేచేది కాదు. మూడో వారంలో వాగు చెప్పకుండా వచ్చింది. పెద్దదేం కాదు. కచేరీ చాపలు రెండు కొట్టుకుపోయాయి, ఒక కుందేలు కుటుంబం చెట్టెక్కడం రాక పుట్టెక్కింది. నీళ్లొచ్చినప్పుడు ఓబులయ్య చెవి నేలకే ఉంది. అందులో వాగు లేదు, ఎండ్రకాయ జోకే తిరుగుతోంది.

మర్నాడు ముళ్లు అణగలేదు. ఒకటి నొక్కితే రెండు లేచాయి.

కచేరీలో తాబేలు నాగరత్నమ్మ అని ఒకావిడ రాతకోతలు చూసేది. నేల వినపడ్డం లేదని ఆవిడతో ఒక్కదానితోనే చెప్పాడు.

"నాకు డిప్ప ఉందన్నా," అంది నాగరత్నమ్మ. "లోపలికి పోతే నిద్రపోతోందనుకుని వదిలేస్తారు. నీకు అది కూడా లేకపాయె. సెలవడుగు. పెద్దవానలకి ఇంకా రెండు నెల్లుంది. ఆలోగా చెవి తిరిగి రాకపోతే ఈసారి పోయేది చాపలు కాదు."

సెలవు ఇవ్వాలంటే సంఘం కూర్చోవాలి. సంఘమంటే శేషగిరి, భూషణం. నిక్కబొడుచుకున్న ముళ్లతో వచ్చిన ఓబులయ్యని చూసి, పెద్దల ముందుకి వచ్చే తీరు ఇదా అన్నాడు శేషగిరి. పద్ధతిగా, నవ్వుమొహంతో వచ్చి అడిగితే ఎందుకివ్వమన్నాడు.

ఓబులయ్య మూడు రోజులు ఉన్న కాస్త శక్తీ కూడగట్టుకున్నాడు. నాలుగోరోజు పళ్లు బిగించి ముళ్లు అణిచి, నవ్వు పెట్టుకుని వెళ్లాడు.

"బ్రహ్మాండంగా ఉన్నాడు కదండీ," అన్నాడు భూషణం. "వీడికి సెలవెందుకు?"

"మొన్నటిదాకా బాగానే ఉండేవాడివి కదయ్యా," అన్నాడు శేషగిరి. "ఈమధ్యే మొదలెట్టావు ఈ నాటకాలు."

"మొన్నటిదాకా వేసిందే నాటకమండీ," అన్నాడు ఓబులయ్య. "ఇప్పుడు వేషం నిలవడం లేదు."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. హాస్యానికి భూషణం ఇంకో రెండు మార్కులు వేశాడు. సెలవు పోయింది గానీ సన్మానం ఖాయమైంది.

సన్మానానికి సింహం దొరగారు స్వయంగా వచ్చారు. ఓబులయ్యని వేదిక మీద నిలబెట్టి మోదుగాకుల శాలువా కప్పారు. అది భుజాలదాకా దిగలేదు, ఆరేసిన గుడ్డలా ముళ్ల చివర్లమీదే ఆగిపోయింది. శేషగిరి ఎండ్రకాయ జోకు చెప్పాడు. అడవంతా నవ్వింది. ఓబులయ్య మూడు లెక్కపెట్టాడు. నాలుగు వచ్చింది, ఐదు వచ్చింది, నవ్వు రాలేదు.

శేషగిరి చేతులు చాచి దగ్గరికొచ్చాడు.

"దగ్గరికి రాకండి," అన్నాడు ఓబులయ్య.

మొహమాటపడుతున్నాడని శేషగిరి సభకి చెప్పాడు. సభ చప్పట్లు కొట్టింది.

"నిజంగానే చెబుతున్నాను. రావద్దు."

ఇంత వినయం తమ కచేరీలోనే ఉంటుందని శేషగిరి దొరగారికి చెప్పి, ఓబులయ్యని గట్టిగా కౌగిలించుకున్నాడు.

ముక్కునించి పొట్టదాకా ముప్పైఒక్క ముళ్లు. విడదియ్యబోయిన భూషణం అరచేతుల్లో ఆరు. కలివిడి చాలా లోతుగా ఉందని దొరగారు మెచ్చుకున్నారు.

శేషగిరికి మూడు నెలల సెలవు అక్కడికక్కడే దొరికింది. సంఘం కూర్చోలేదు. మూలగడం ఆపి, నవ్వుమొహంతో వచ్చి అడగమని ఎవరూ అనలేదు. దెబ్బ కనపడుతోంది కదా. చూసుకోవడానికి తోడుగా భూషణం కూడా వెళ్లాడు.

కచేరీ పెత్తనం నాగరత్నమ్మకి వచ్చింది. ఆవిడ మొదటిరోజే డిప్పలోకి పోయింది. పలకరింపులు ఆగాయి, పాట ఆగింది. ఓబులయ్య పొద్దస్తమానం కచేరీలో తలుపుకి వీపు పెట్టి, ముళ్లు వాటి ఇష్టానికి వదిలేసి కూర్చునేవాడు. మొదటి పదిరోజులూ నిద్రే. నాగరత్నమ్మ రెండు దుంపలు గడపలోకి నెట్టి వెళ్లిపోయేది. తిన్నావా అని అడిగేది కాదు.

నలభైరెండో రోజున చెవిలో ఏదో కదిలింది. గులకరాయి. ముందటిలా రెండు కొండల అవతలిది కాదు, ఒక కొండ ఇవతలిదే. ఆ ఏటి పెద్దవానలకి అదే సరిపోయింది. కబురు ముందే అందింది, కుందేళ్లు పుట్టెక్కే పని లేకపోయింది.

మూడు నెలలకి శేషగిరి తిరిగొచ్చాడు. వస్తూనే గడపలో నిలబడి, ఒక ఎండ్రకాయ ఉందిట అని మొదలెట్టాడు.

ఓబులయ్య వెనక్కి తిరగలేదు. లెక్కా పెట్టలేదు. ముళ్లు మాత్రం టపటపమని లేచాయి.

శేషగిరి ముక్కు తడుముకుని, జోకు అక్కడితో ఆపి, పక్కకి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

కాబట్టి తెలుసుకోవలసిందేమంటే, సెలవు కావలసినవాడు అర్జీ పెట్టి లాభం లేదు, పైఅధికారిని ప్రేమగా ఒక్కసారి కౌగిలించుకోనివ్వాలి.