వీధిలో పరచిన పడుగు

కృష్ణ పొంగి ఒడ్డు ఊళ్లు మునిగిన తర్వాత అది పదో ఏడు. నారాయణపేటలో ఆ పొద్దు పరశురాం లేవడమే కోపంగా లేచాడు. కోడలు స్వర్ణ ఇంట్లో నేసుకునే పని నేర్చుకుంటోంది. మర్నాడు పదింటికి నేర్పే మేడం వచ్చి, మగ్గానికెక్కించే నిలువు దారాలు, ఆమె పడుగు, చూస్తుంది. దారాలు సాఫుగా ఉంటే చిన్న మగ్గం ఇస్తుంది, లేకుంటే అది ఇంకో ఇంటికి పోతుంది.

పరశురాం ముప్పై ఏళ్లు చీరలు నేసి, గిట్టక, మగ్గాన్ని పొయ్యిలో పెట్టినవాడు.

"మేం పస్తులున్ననాడు ఒక్కడు రాలే. గిప్పుడు మాకే నేర్పనీకి వచ్చిన్రు!" అన్నాడు గోడతో.

పొయ్యి మీద గంజి కనిపించింది. నోట్లో పోసుకుంటే చప్పగా ఉంది.

"మగ్గం పిచ్చిల ఉప్పు గూడ మర్చిందా!"

గుప్పెడు ఉప్పు అందులోకి విసిరికొట్టి, చెంబెడు తాగి, అరుగు మీద కూర్చున్నాడు. స్వర్ణ వీధిలో రెండు గుంజలకు పడుగు బిగించి, దారాలు గట్టిపడేందుకు ఆ గంజే కుంచెతో పూసింది. ఆయన మాత్రం అటు చూడనని మొహం తిప్పుకున్నాడు.

ఆమె లోపలికి పోయిందో లేదో, పక్కింటి లింగస్వామి మేకలు వచ్చాయి. ఒకటి నాకింది. తర్వాత అన్నీ నాకాయి. పోతు కొమ్ములకు దారాలు చుట్టుకోగానే అది బెదిరి ఉరికింది. గుంజ ఊడి, ఎగిరి, ఇంటి ముందు నిలిపిన లింగస్వామి బండి అద్దం పగలగొట్టింది. ఆ చప్పుడుకు అతనూ స్వర్ణా బయటికి ఉరికొచ్చారు.

"నీ మేకలకు మేత లేదారా? నా కోడలి పడుగే దొరికిందా?" అన్నాడు పరశురాం అరుగు దిగుతూ.

"నా అద్దం పగలగొట్టి నన్నే అంటున్నవా అన్నా?"

"ముప్పై ఏండ్లు గీ వీధిలనే గంజి పెట్టిన. ఒక్క మేక మూతి పెట్టలే! గీ పిల్లకు గంజి కాసుడే రాదు!"

స్వర్ణ చిక్కుపడ్డ దారాలు పట్టుకుని ఏడుస్తోంది. లింగస్వామి ఒక పోగు తీసి నాలుకకు తగిలించుకున్నాడు.

"ఉప్పు! ఉప్పుంటే మేకలు గోడనన్న నాకుతయి. గంజిల ఉప్పేసిందెవరమ్మా?"

"పడుగు గంజిల ఉప్పెవరేస్తరన్నా?"

ఇద్దరూ పరశురాం వైపు తిరిగారు.

"తాగే గంజనుకున్న," అన్నాడు, ఇంకా కోపంగానే. "జర చెప్పొద్దా?"

"మగ్గమంటేనే మీద పడతవు. ఎట్ల చెప్పాలె మామా?"

ఆ పూటే స్వర్ణ దారాలన్నీ కడిగి ఆరేసింది.

మర్నాడు తెల్లారుతూనే పరశురాం తెగిన పోగులు ముడివేసి, పడుగు బిగించి, కొత్త గంజి పూయడానికి కుంచె పట్టాడు. పదింటికి ఆటోలో మగ్గం వేసుకుని మేడం దిగింది. పాతికేళ్లుంటాయి.

"తాతా, కుంచె గట్ల పట్టొద్దు. గిట్ల."

స్వర్ణ ఊపిరి బిగబట్టింది. పరశురాం పళ్లు కొరికాడు.

మగ్గం ఇంట్లో దిగేదాకా కుంచె మేడం చెప్పినట్టే పట్టుకున్నాడు.