ముంజేతి మీద నెత్తురు బొట్టు

రక్తదానం వల్ల ఈ దేశానికి ఒరిగేదేమీ లేదు. మనకు కావలసింది రక్తదానంపై అవగాహన! మా పట్నం యూనివర్సిటీలో అది పుష్కలంగా ఉంది.

రక్తం తీయాలంటే సూది కావాలి, సంచి కావాలి, ఫ్రిజ్ కావాలి. గ్రూపు కుదరాలి. అవగాహనకు ఇవేవీ అక్కర్లేదు. ఎవరికైనా సరిపోతుంది, ఎన్నేళ్ళున్నా చెడిపోదు. ఒక పోస్టరు, ఒక మైకు, తలా ఒక చల్లటి కాఫీ ఉంటే చాలు.

నమ్మరా? నా భార్య స్తమాతాకు ఆపరేషన్ అన్నారు. "మీవాళ్ళను తెచ్చుకోండి. వాళ్ళు రక్తం ఇస్తేనే మొదలుపెడతాం" అన్నాడు డాక్టరు. మా గ్రీసులో రివాజు అదే. బలగం ఉన్నవాడు బతుకుతాడు. మాకు పిల్లల్లేరు. నా నెత్తురు ముసలిదన్నారు. నేరుగా యూనివర్సిటీకి వెళ్ళాను.

ఏమి అదృష్టం! అక్కడ అవగాహన వారోత్సవాలు జరుగుతున్నాయి. పల్లెబడితో చదువు ఆపేసిన నాకు దెస్పీనా అనే పిల్ల ఎర్రకణాల గురించి పెద్ద పాఠమే చెప్పింది.

"అయితే నువ్వు ఇస్తావా తల్లీ?"

"అదేం మాట బాబాయ్! పద, ఇప్పుడే పద!" అంటూ నలుగురు స్నేహితులను కూడా లేవదీసింది.

ఆస్పత్రిలో నర్సు చొక్కా చేతులు మడవమంది. అయిదుగురి ముంజేతుల మీదా ఎర్రటి నెత్తురు బొట్టు బొమ్మ! రక్తదాన ప్రతిజ్ఞకు గుర్తుగా ముందురోజే పచ్చబొట్టు పొడిపించుకున్నారట.

"కొత్త పచ్చబొట్టా? నాలుగు నెలల దాకా మీ రక్తం పనికిరాదు, పదండి పదండి" అంది నర్సు.

"మా ప్రొఫెసర్ గారే ముందు పొడిపించుకున్నారండీ!" అన్నాడు వాళ్ళలో ఒకడు.

ఎంత భక్తి చూశారా! నెత్తురు లోపల ఉంటే ఎవడికి కనిపిస్తుంది? బయట ఉంటేనే కదా ఊరంతా చూసేది!

ఆపరేషన్ వాయిదా పడింది. మళ్ళీ పడింది. స్తమాతా మాత్రం వాయిదా వేయలేదు.

గడువు తీరగానే దెస్పీనా ఫోన్ చేసింది. మాట మీద నిలబడే పిల్ల!

"బాబాయ్, రేపు అయిదుగురం వస్తున్నాం. పిన్నిది ఏ వార్డు?"

"పోయిందమ్మా."

వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అయితే... మేం ఎవరికివ్వాలి?"

"ఆ మంచం మీద ఇప్పుడెవరుంటే వాళ్ళకి."

"వాళ్ళెవరో మాకు తెలీదుగా బాబాయ్!"

"స్తమాతా మాత్రం నీకేమవుతుందే?"

పిల్ల ఇంకా ఆలోచిస్తూనే ఉంది. ఆలోచించుకోనివ్వండి. తొందరపెడితే అవగాహన దెబ్బతింటుంది!